బేస్ మీద ఆర్పెజియోలు: సగప నుంచి పాటలోకి

బేస్ గిటార్ పట్టుకున్న కొత్తలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. కీబోర్డ్ అతను సి అంటే సి కొడతారు, ఎఫ్ అంటే ఎఫ్ కొడతారు, రూట్ నోట్, అంటే కార్డ్ పేరులో ఉన్న నోట్, తప్పు పోదు, టైమింగ్ కూడా బాగానే ఉంటుంది, కానీ పాట మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా ఆ ఒక్క నోటే కొట్టుకుంటూ పోవడం తప్ప ఇంకేం వాయించాలో తెలీదు. చర్చ్ లో వాయించేవాళ్ళు, కాలేజ్ బ్యాండ్ వాళ్ళు, ఆర్కెస్ట్రాలో కొత్తగా చేరినవాళ్ళు, అందరిదీ దాదాపు ఇదే పరిస్థితి. అప్పుడు ఎవరో ఒకరు స్కేల్స్ ప్రాక్టీస్ చెయ్యి అంటారు, వీళ్ళు మేజర్ స్కేల్ ని పైకీ కిందకీ నెలల తరబడి తిప్పుతారు, మళ్ళీ పాట దగ్గరికొచ్చేసరికి చెయ్యి రూట్ మీదకే పోతుంది. ఎందుకంటే స్కేల్ లో 7 నోట్లు ఉంటాయి, వాటిలో ఇప్పుడు మోగుతున్న కార్డ్ కి ఏవి అతుకుతాయో స్కేల్ చెప్పదు. కార్డ్ లోని నోట్లని విడివిడిగా వాయించే ఆర్పెజియో చెప్తుంది. అందుకే బేస్ నేర్చుకునేవాళ్ళు స్కేల్స్ కంటే ముందు ఆర్పెజియోలే పట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇది నా ఒక్కడి మాట కూడా కాదు. 1960ల్లో లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో లెక్కలేనన్ని రికార్డింగ్స్ కి వాయించిన కరోల్ కే అసలు గిటారిస్ట్, 1963లో ఒక సెషన్ కి బేస్ వాయించే మనిషి రాకపోతే ఆవిడ బేస్ అందుకున్నారు, ఇక వదల్లేదు. తర్వాత పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక కూడా ఆవిడ స్కేల్స్ పక్కన పెట్టి కార్డ్ నోట్స్ నేర్చుకోండి అనే చెప్తూ వచ్చారు. చేతిలో కార్డ్స్ ఉన్న మనిషి బేస్ కి రావడం వల్ల ఆవిడకి అది మొదటి నుంచీ స్పష్టంగా కనపడింది అనుకుంటా.

సరే, అసలు విషయానికి వద్దాం. కార్డ్ అంటే మూడో నాలుగో నోట్లు ఒకేసారి మోగడం, వాటినే ఒకదాని తర్వాత ఒకటి వాయిస్తే ఆర్పెజియో, అంతే. గిటార్ వాళ్ళు అన్ని తీగలూ కలిపి కొట్టేస్తారు, బేస్ మీద కింది ఫ్రెట్స్ (నెక్ మీద అడ్డంగా ఉండే గళ్ళు) దగ్గర అలా కొడితే గుయ్ మని ఒకటే మోత, ఏ నోట్ ఏదో తెలీదు, కాబట్టి మనం ఒక్కొక్కటిగా వాయిస్తాం.

కొంచెమైనా కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది ఇంకా తేలిక. మేజర్ కార్డ్ అంటే స, అంతర గాంధారం, ప. మైనర్ కార్డ్ అంటే స, సాధారణ గాంధారం, ప. మనందరం సరళీ వరసలు పాడేది మాయామాళవగౌళలో, అందులో గాంధారం అంతర గాంధారమే, అంటే చిన్నప్పుడు పాటల క్లాస్ కి వెళ్ళినవాళ్ళెవరైనా మధ్యలో రి మ వదిలేసి స గ ప అని పాడితే అదే మేజర్ ట్రయాడ్, అంటే మూడు నోట్ల కార్డ్, మీ గొంతులో ఇప్పటికే ఉంది, ఇక వేళ్ళలోకి రావడమే మిగిలింది. ఫ్రెట్స్ లెక్కలో చూస్తే స నుంచి అంతర గాంధారానికి 4 ఫ్రెట్లు, అక్కడి నుంచి ప కి 3. మైనర్ లో ఇది తిరగబడుతుంది, ముందు 3, తర్వాత 4. డిమినిష్డ్ అయితే 3, మళ్ళీ 3, అంటే పంచమం ఉండాల్సిన చోట ప్రతి మధ్యమం వస్తుంది. ఈ మూడూ వస్తే మామూలు పాటల్లో వచ్చే కార్డ్స్ కి దాదాపు సరిపోతుంది.

ఇప్పుడు నెక్ మీద చూద్దాం. నాలుగు తీగల బేస్ లో లావు తీగ నుంచి ఇ, ఎ, డి, జి. ఏ తీగ నుంచి పక్క తీగకి చూసినా దూరం ఒకటే, 5 ఫ్రెట్లు. గిటార్ లో జి కీ బి కీ మధ్య ఆ దూరం మారుతుంది, మనకి ఆ గొడవ లేదు, అందుకే ఒక షేప్ ఒకచోట నేర్చుకుంటే దాన్ని ఎక్కడికి జరిపినా అదే షేప్, రూట్ మారుతుంది అంతే. ఇది బేస్ వాళ్ళకి దొరికిన పెద్ద అదృష్టం, కానీ ఇందులోనే ఒక ప్రమాదం కూడా ఉంది, దాని గురించి కింద చెప్తాను.

డి మేజర్ తో మొదలుపెట్టండి. చాలామంది 1వ ఫ్రెట్ దగ్గరో 3వ ఫ్రెట్ దగ్గరో మొదలుపెట్టిస్తారు, నాకైతే అది నచ్చదు, మామూలు బేస్ కి నట్ నుంచి బ్రిడ్జ్ దాకా, అంటే తీగ మోగే పొడవు, 34 అంగుళాలు ఉంటుంది, కింది ఫ్రెట్స్ బాగా దూరం దూరంగా ఉంటాయి, కొత్త చేతికి అక్కడ వేళ్ళు సాగదీయడమే సరిపోతుంది, నోట్ మీద ధ్యాస ఎక్కడుంటుంది? 5వ ఫ్రెట్ దగ్గర హాయిగా ఉంటుంది.

ఎ తీగ 5వ ఫ్రెట్, మధ్య వేలు, ఇది డి, మన స.
డి తీగ 4వ ఫ్రెట్, చూపుడు వేలు, ఎఫ్ షార్ప్, అంతర గాంధారం.
డి తీగ 7వ ఫ్రెట్, చిటికెన వేలు, ఎ, పంచమం.
జి తీగ 7వ ఫ్రెట్, మళ్ళీ చిటికెన వేలు, పై డి, తార షడ్జం.

ఇక్కడ చివరి రెండు నోట్లు ఒకే ఫ్రెట్ మీద పక్క పక్క తీగల్లో ఉన్నాయి, రెండూ చిటికెన వేలితోనే. అందరూ తడబడేది ఇక్కడే. వేలు ఎత్తి పక్క తీగ మీద పెడితే మధ్యలో చిన్న ఖాళీ వస్తుంది, నోట్ తెగినట్టు వినిపిస్తుంది, పోనీ రెండు తీగలూ ఒకేసారి అడ్డంగా నొక్కి పెడితే ప మోగుతుండగానే స కూడా వచ్చి రెండూ కలిసిపోతాయి. చేయాల్సింది ఏంటంటే, డి తీగని వేలి కొనతో నొక్కండి, కొన వెనక ఉండే మెత్తటి భాగం అప్పటికే జి తీగ పైన ఉంటుంది కదా, నోట్ మారేటప్పుడు వేలు ఎత్తకుండా బరువుని కొన మీద నుంచి ఆ మెత్తటి భాగం మీదకి ఒరిగించండి, ఆ ఒరగడంలో కొన కింద ఉన్న డి తీగ మీద నొక్కు వదులవుతుంది కానీ వేలు దాన్ని తాకుతూనే ఉంటుంది, దాంతో ఆ తీగ దానంతట అదే ఆగిపోతుంది. కిందకి వచ్చేటప్పుడు ఇదే రివర్స్ లో. ఈ ఒక్క కదలికనే విడిగా తీసుకుని ప స ప స అని నెమ్మదిగా చేయండి, రోజుకి రెండు నిమిషాలు చాలు. వారం రెండు వారాల్లో తేడా మీకే తెలుస్తుంది.

కుడి చెయ్యి సంగతి కూడా. పైకి వెళ్ళేటప్పుడు చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి. కిందకి దిగేటప్పుడు జి తీగ కొట్టిన వేలు సహజంగానే వెళ్ళి డి తీగ మీద ఆగుతుంది, దాన్ని వెనక్కి తీయక్కర్లేదు, అదే వేలితో అలాగే డి తీగ లాగేయొచ్చు. బొటనవేలిని పికప్ మీదే ఉంచేయకుండా మీరు పై తీగలకి వెళ్ళేకొద్దీ దాన్ని ఇ తీగ మీదకో ఎ తీగ మీదకో జరుపుతూ ఉండండి, వాయించని లావు తీగలు ఊరికే మోగకుండా ఉంటాయి. యాంప్ సౌండ్ పెంచి స్టేజ్ మీద వాయించేటప్పుడు ఈ మ్యూటింగ్ లేకపోతే ఎంత బాగా వాయించినా గజిబిజిగానే వినపడుతుంది.

డి మైనర్ కి చెయ్యి ఒక ఫ్రెట్ జరగాలి. ఎ తీగ 5 ఇప్పుడు చూపుడు వేలు, ఎ తీగ 8 చిటికెన వేలు, అది ఎఫ్, డి తీగ 7 ఉంగరం వేలు, జి తీగ 7 కూడా ఉంగరం వేలే, ఇక్కడా అదే ఒరిగించడం. డిమినిష్డ్ కి డి తీగ 7 బదులు 6, మధ్య వేలు.

మెట్రోనోమ్ 60 మీద పెట్టి ఒక్కో క్లిక్ కి ఒక్కో నోట్. స్పీడ్ గురించి ఇప్పుడు ఆలోచించొద్దు, నోట్ తర్వాతి నోట్ దాకా పూర్తిగా నిలబడుతోందా, తర్వాతిది రాగానే ఆగిపోతోందా, ఆ రెండే చూడండి. మణికట్టు బాగా వంచి నొక్కడం, బొటనవేలితో నెక్ వెనక గట్టిగా పిండడం చేయొద్దు, నొప్పి వస్తే ఆపేయండి, ఓర్చుకుని వాయిస్తే వచ్చే లాభం ఏమీ లేదు, చెయ్యి పాడవుతుంది.

ఇప్పుడు ఇందాక చెప్తానన్న ప్రమాదం. షేప్ ఎక్కడికి జరిపినా ఒకటే కాబట్టి వేళ్ళు నేర్చేసుకుంటాయి, చెవికి ఏమీ ఎక్కదు. రెండు రోజుల్లో మేజర్ షేప్ కళ్ళు మూసుకుని కొట్టేస్తారు, అందులో మూడో నోట్ ఏంటి అని అడిగితే జవాబు రాదు. దీనికి నాకు తెలిసిన మందు రెండు. ఒకటి, వాయిస్తూ నోట్ పేరు పైకి చెప్పాలి, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి అని, మరోసారి వాయించేటప్పుడు స గ ప స అని పాడాలి, గొంతు బాగుందా లేదా అనేది ఎవరికీ అవసరం లేదు, శ్రుతిలో ఉంటే చాలు. రెండోది తంబూర. ఫోన్ లో ఏదో ఒక తంబూర యాప్ వేసుకుని డి శ్రుతి పెట్టుకోండి, మన పాటల క్లాసుల లెక్కలో ఒకటి శ్రుతి సి అయితే రెండు శ్రుతి డి. ఆ శ్రుతి మోగుతుండగా ముందు డి ఒక్కటే వాయించి అందులో కలిసిపోయేదాకా ఉండండి. తర్వాత ఎఫ్ షార్ప్ వాయించి నిలబెట్టండి. తర్వాత ఎఫ్. మళ్ళీ ఎఫ్ షార్ప్. ఒక్క ఫ్రెట్ తేడా, కానీ పాట మూడ్ అంతా మారిపోయేది ఆ ఒక్క ఫ్రెట్ లోనే. స, ప మేజర్ లోనూ ఉన్నాయి, మైనర్ లోనూ ఉన్నాయి, కార్డ్ నవ్వుతోందా బరువుగా ఉందా అని చెప్పేది గాంధారం మాత్రమే. ఈ తేడా చెవికి పట్టేస్తే రేపు ఎవరైనా కార్డ్ పేరు చెప్పకుండా వాయించినా మీరు మేజర్ మైనర్ పోల్చేస్తారు. స్టేజ్ మీద అంతకంటే పనికొచ్చేది ఇంకోటి లేదు. ఈ ప్రాక్టీస్ కి టైమ్ పెట్టండి, తొందరపడి దాటేయొద్దు.

సెవెన్త్ కార్డ్స్ కి పెద్ద కథేమీ లేదు, ట్రయాడ్ మీద ఒక నిషాదం కలుస్తుంది. డి నుంచే చూస్తే కాకలి నిషాదం జి తీగ 6వ ఫ్రెట్, కైశికి నిషాదం జి తీగ 5వ ఫ్రెట్. రాగాలు తెలిసినవాళ్ళు ఇలా గుర్తుపెట్టుకోవచ్చు, శంకరాభరణంలో స గ ప ని వాయిస్తే మేజర్ సెవెన్, హరికాంభోజిలో స గ ప ని వాయిస్తే డామినెంట్ సెవెన్, ఖరహరప్రియలో స గ ప ని వాయిస్తే మైనర్ సెవెన్. అదే నాలుగు స్వరాలు, గాంధారం నిషాదం రకం మారుతోంది అంతే. హాఫ్ డిమినిష్డ్ కి సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, కైశికి నిషాదం. ట్రయాడ్స్ గట్టిపడకముందే వీటి మీదకి పోవద్దు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. ఇప్పటిదాకా చేసిందంతా ఒక కార్డ్ లోపల తిరగడం. పాటలో కార్డ్ మారుతుంది, మారినప్పుడల్లా మీరు రూట్ వెతుక్కుంటూ నెక్ మీద అటూ ఇటూ గెంతుతున్నారంటే ఆర్పెజియో ఇంకా రానట్టే. అసలు ప్రాక్టీస్ కార్డ్ మారే చోట మొదలవుతుంది.

దీనికోసం చెయ్యిని ఒకచోట కట్టిపడేద్దాం. 2వ ఫ్రెట్ నుంచి 5వ ఫ్రెట్ దాకా, నాలుగు ఫ్రెట్లు, అంతకు మించి జరగకూడదు, ఓపెన్ తీగలు కూడా వద్దు. కార్డ్స్ సి, ఎ మైనర్, ఎఫ్, జి, ఈ నాలుగూ లేని భాష ఉండదేమో అన్నన్ని పాటల్లో వస్తాయి. ఆ నాలుగు ఫ్రెట్లలో ఒక్కో కార్డ్ కి ఏయే నోట్లు దొరుకుతాయో చూద్దాం, లావు తీగ నుంచి సన్న తీగకి.

సి మేజర్: ఇ తీగ 3 జి, ఎ తీగ 3 సి, డి తీగ 2 ఇ, డి తీగ 5 జి, జి తీగ 5 సి.
ఎ మైనర్: ఇ తీగ 5 ఎ, ఎ తీగ 3 సి, డి తీగ 2 ఇ, జి తీగ 2 ఎ, జి తీగ 5 సి.
ఎఫ్ మేజర్: ఇ తీగ 5 ఎ, ఎ తీగ 3 సి, డి తీగ 3 ఎఫ్, జి తీగ 2 ఎ, జి తీగ 5 సి.
జి మేజర్: ఇ తీగ 3 జి, ఎ తీగ 2 బి, ఎ తీగ 5 డి, డి తీగ 5 జి, జి తీగ 4 బి.

దీన్ని కాసేపు చూడండి. సి నుంచి ఎ మైనర్ కి వెళ్ళేటప్పుడు సి, ఇ రెండూ అలాగే ఉన్నాయి, జి మాత్రమే ఎ అయింది. ఎ మైనర్ నుంచి ఎఫ్ కి వెళ్ళేటప్పుడు ఎ, సి అలాగే ఉన్నాయి, ఇ ఒక్కటే ఒక ఫ్రెట్ పైకి జరిగి ఎఫ్ అయింది. రూట్స్ తో ఆలోచించే మనిషికి ఎ నుంచి ఎఫ్ కి పెద్ద గెంతు, కార్డ్ లోపల చూస్తే జరిగింది ఒక్క ఫ్రెట్. ఎఫ్ నుంచి జి కి మాత్రం మూడు నోట్లూ మారతాయి, అందుకే అక్కడ పాట ఒక్కసారిగా ముందుకు నెట్టినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు బార్ కి నాలుగు నోట్లు, ఒక్కో బీట్ కి ఒకటి, ఆగకుండా పైకి వెళ్ళి కిందకి రావాలి, కార్డ్ మారినప్పుడు మీరు ఉన్న చోటు నుంచి వెళ్తున్న దిశలో దగ్గర్లో ఉన్న కొత్త కార్డ్ నోట్ అందుకోవాలి.

సి బార్ లో పైకి: సి, ఇ, జి, సి.
ఎ మైనర్ బార్ లో కిందకి: ఎ, ఇ, సి, ఎ.
ఎఫ్ బార్ లో పైకి: సి, ఎఫ్, ఎ, సి.
జి బార్ లో కిందకి: బి, జి, డి, బి.

సి బార్ ఎ తీగ 3 దగ్గర మొదలవుతుంది, ఎ మైనర్ బార్ జి తీగ 2 నుంచి దిగి ఇ తీగ 5 దగ్గర ఆగుతుంది, ఎఫ్ బార్ ఎ తీగ 3 నుంచి ఎక్కుతుంది, జి బార్ జి తీగ 4 నుంచి దిగి ఎ తీగ 2 మీద బి దగ్గర ముగుస్తుంది, ఆ పక్క ఫ్రెట్ లోనే మళ్ళీ మొదటి సి. నిషాదం నుంచి షడ్జం మీద వాలినట్టు ఉంటుంది, చుట్టు తిరిగి వచ్చిందని చెవికే తెలుస్తుంది, మీరు లెక్కపెట్టుకోనక్కర్లేదు. ఇది మెట్రోనోమ్ 50 దగ్గర తప్పు లేకుండా నాలుగు సార్లు తిరిగాక 60, ఆ తర్వాత 70. ఇలా వచ్చాక మొదటి నోట్ మార్చి మొదలుపెట్టండి, సి కార్డ్ ని ఇ నోట్ తో, ఇంకోసారి కింది జి తో. అప్పుడు దారి మొత్తం మారిపోతుంది, మీరే వెతుక్కోవాలి. తప్పులు వస్తాయి, రావాలి కూడా, అక్కడ ఆలోచించే ఆ క్షణంలోనే నెక్ మీ తలలోకి ఎక్కుతోంది.

ఒక్క హెచ్చరిక. పై ఎక్సర్సైజ్ లో ఎఫ్ బార్ సి నోట్ తో మొదలవుతోంది. ఇది ప్రాక్టీస్ కోసం మాత్రమే. బ్యాండ్ తో వాయించేటప్పుడు ఎఫ్ కార్డ్ మొదటి బీట్ మీద మీరు సి వాయిస్తే కింద ఆధారం మారిపోయి కార్డ్ ఇంకోలా వినిపిస్తుంది, పాడేవాళ్ళు కూడా తడబడతారు. ఏ కార్డ్ కింద ఏ నోట్ ఉండాలో నిర్ణయించేది బేస్, ఆ బాధ్యత చిన్నది కాదు. కాబట్టి మొదటి బీట్ రూట్ కి ఇచ్చేయండి, మిగతా బీట్స్ లో మీ ఆర్పెజియో. ఎక్కడైనా కావాలని రూట్ వదిలేయాలంటే ముందు కీబోర్డ్ అతనితో మాట్లాడుకోండి.

మరి పాటలో ఎలా వాడాలి? నేనైతే ఈ వరసలో వెళ్ళమంటాను. మొదట రూట్, ప, పై స. ప, పై స ఎక్కడ కొట్టినా మేజర్ అయినా మైనర్ అయినా తప్పు పోవు. పంచమం పైనే కాదు, రూట్ ఉన్న ఫ్రెట్ లోనే దాని పక్క లావు తీగ మీద కింది పంచమం కూడా ఉంటుంది, సి కి ఎ తీగ 3 అయితే ఇ తీగ 3 దాని కింది ప. ఇది ఒక్కటి తెలిసినా సగం పాటలకి సరిపోయే లైన్ వస్తుంది. తర్వాత గాంధారం, దీన్ని కార్డ్ మారే ముందు చివరి బీట్ లో పెట్టి చూడండి. సి నుంచి ఎఫ్ కి వెళ్తున్నారు, సి బార్ చివరి బీట్ లో ఇ కొట్టండి, ఎఫ్ సరిగ్గా పక్క ఫ్రెట్ లో ఉంటుంది. జి నుంచి సి కి వెళ్తున్నారు, చివర్లో బి, పక్కనే సి. మేజర్ కార్డ్ నుంచి దాని శుద్ధ మధ్యమం (నాలుగో స్వరం) మీద కట్టిన కార్డ్ కి ఎప్పుడు వెళ్ళినా ఇది పనిచేస్తుంది, పైగా చేస్తున్నది చాలా చిన్న పనే అయినా వినేవాళ్ళకి కార్డ్ మారబోతోందని ముందే తెలిసినట్టు ఉంటుంది. గాంధారాన్ని ప్రతి బార్ లో కొట్టకండి, అసలే నిండుగా ఉన్న పాటలో అది ఎక్కువైపోతుంది. పాడేవాళ్ళు గుక్క తీసుకునే చోట్లు ఉంటాయి చూడండి, అక్కడ కొడితే నిండుగా ఉంటుంది.

డెట్రాయిట్ లో మోటౌన్ అనే రికార్డ్ కంపెనీ రికార్డింగ్స్ కి వాయించిన జేమ్స్ జామర్సన్ లైన్స్ వినమని అందుకే చెప్తాను. ఆయన ముందు నిలువు బేస్ వాయించిన మనిషి, ఎలక్ట్రిక్ బేస్ మీద కూడా కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే లాగేవారు. ఆ లైన్స్ ఒక్కొక్కటి నెమ్మదిగా విప్పి చూస్తే కార్డ్ నోట్లే ఎముకలు, వాటి మధ్య ఖాళీల్లో ఒక ఫ్రెట్ కిందో పైనో తాకి వెళ్ళే నోట్లు. ముందు కార్డ్ నోట్స్ ఎక్కడున్నాయో తెలిసిన చేతికే మధ్యలో ఏం పెట్టొచ్చో తెలుస్తుంది.

మన రాగాల మీద కట్టిన పాటలు వాయించేవాళ్ళకి ఇంకో ప్రాక్టీస్ ఉంది, ఇది నాకు చాలా ఇష్టం. సి షడ్జంగా హంసధ్వని తీసుకోండి, స రి గ ప ని, అంటే సి డి ఇ జి బి. ఈ అయిదు నోట్లతోనే ఏయే ట్రయాడ్స్ కట్టొచ్చో వెతకండి. సి మేజర్ దొరుకుతుంది, ఇ మైనర్ దొరుకుతుంది, జి మేజర్ దొరుకుతుంది, ఇంకేవీ రావు. ఇప్పుడు ఆ మూడు ఆర్పెజియోల మధ్యే దగ్గరి నోట్ పద్ధతిలో తిరగండి, ఎంత తిరిగినా రాగం దాటి బయటకి పోరు. మోహనం అయితే స రి గ ప ద, సి డి ఇ జి ఎ, అందులో సి మేజర్, ఎ మైనర్ వస్తాయి. సినిమా పాటల్లో రాగంలో లేని కార్డ్ కూడా వేస్తుంటారు, మోహనంలో ఎఫ్ కార్డ్ వేస్తే అందులోని ఎఫ్ అంటే మధ్యమం, రాగంలో లేదు, అలాంటి చోట మీరు ఎఫ్ రూట్ ఇచ్చేసి మిగతా బీట్స్ లో రాగంలో ఉన్న ఎ, సి నోట్ల మీద నిలబడితే మెలడీకి అడ్డం రాదు. ఇలాంటివి స్కేల్ పైకీ కిందకీ తిప్పితే ఎప్పటికీ తట్టవు.

రెండు ఆక్టేవ్స్ (స నుంచి పై స దాకా ఒక ఆక్టేవ్) గురించి ఒక మాట. జి మేజర్ ని ఇ తీగ 3 మధ్య వేలు, ఎ తీగ 2 చూపుడు వేలు, ఎ తీగ 5 చిటికెన వేలు, ఇక్కడ చెయ్యి రెండు ఫ్రెట్లు పైకి జరిపి డి తీగ 5 మధ్య వేలు, జి తీగ 4 చూపుడు వేలు, జి తీగ 7 చిటికెన వేలు, అక్కడి నుంచి అదే వేలు జారించి జి తీగ 12. చూశారా, కింద వేసిన షేపే రెండు తీగలు దాటి రెండు ఫ్రెట్లు పైన మళ్ళీ వచ్చింది. సోలోలకి, ఫిల్స్ కి (పాటలో ఖాళీ చోట వాయించే చిన్న ముక్కలకి) పనికొస్తుంది, కానీ రోజువారీ పాటలకి అంత అవసరం పడదు కాబట్టి దీన్ని తర్వాతకి వదిలేసినా నష్టం లేదు.

రోజుకి 20 నిమిషాలు పెట్టగలిగితే ఇలా పంచుకోండి. మొదటి 5 నిమిషాలు తంబూరతో ఒక్క రూట్ మీద మేజర్, మైనర్, డిమినిష్డ్, పాడుతూ. ఆ తర్వాత 10 నిమిషాలు నాలుగు ఫ్రెట్ల ప్రాక్టీస్, దీన్ని మాత్రం ఏ రోజూ వదలొద్దు, టైమ్ లేని రోజు మిగతావి వదిలేసి ఇదొక్కటి చేయండి. చివరి 5 నిమిషాలు మీకు నచ్చిన ఒక పాట, రూట్ కాకుండా ఇంకో ఒక్క కార్డ్ నోట్ ఎక్కడ పెట్టొచ్చో వెతుకుతూ. సి లో వచ్చాక సి, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ అంటూ నాలుగో స్వరం నుంచి నాలుగో స్వరానికి జరుగుతూ 12 కీస్ తిరగండి, వారానికి ఒక కీ అనుకున్నా మూడు నెలల్లో అయిపోతుంది. కార్డ్స్ వాయించేవాళ్ళు ఇంట్లో లేకపోతే ఐరియల్ ప్రో లాంటి యాప్ లో కార్డ్స్ టైప్ చేసి ప్లే చేసుకోవచ్చు, అందులో బేస్ ట్రాక్ సౌండ్ పూర్తిగా తగ్గించేయండి, లేకపోతే మీ నోట్ ఏదో దాని నోట్ ఏదో తెలీదు.

వారానికోసారి రికార్డ్ చేసుకుని వినండి. ఫోన్ స్పీకర్ లో మాత్రం వినొద్దు, బేస్ ఓపెన్ ఇ తీగ సుమారు 41 హెర్ట్జ్, ఎ తీగ 55, అంత కింది సౌండ్ ఆ చిన్న స్పీకర్ లో రాదు, పై పొరలు మాత్రమే వినపడతాయి, మీ నోట్ నిలబడిందో తెగిందో అర్థం కాదు. ఇయర్ ఫోన్స్ పెట్టుకుని వినండి, ముందు కార్డ్ మారే చోట్లు మాత్రమే వినండి, అక్కడ పాత కార్డ్ నోట్ ఇంకా మోగుతూ కొత్త కార్డ్ మీదకి పాకుతోందా, మధ్యలో ఖాళీ వస్తోందా చూసుకుని మర్నాడు ఆ రెండు బార్లే తీసుకుని వాయించండి.